తద్దినం తేదీకి యాప్ రాశా, ముగ్గురికి మూడు తేదీలు వస్తున్నాయి

గోదారిగట్టు:
మా నాన్నమ్మ 2021 ఆగస్టు 27న పోయింది, శ్రావణ బహుళ పంచమి. ఏటా పంతులుగారికి ఫోన్ చేసి కనుక్కోవడం ఎందుకులే అని ఇంట్లోవాళ్ల కోసం చిన్న యాప్ రాశా, చాంద్రమానంలో ఏడాదికి 354 రోజులే కదా అని తేదీకి 354 కలిపేశా అంతే. 2022లో ఆగస్టు 16 చూపించింది, పంతులుగారూ అదే చెప్పారు, ఇంక మనకి తిరుగు లేదనుకున్నా. 2023లో ఆగస్టు 5 అంది. నాన్న లీవ్ కూడా పెట్టేశాక పంతులుగారు "అది అధికమాసం నాయనా, సెప్టెంబర్ 4న పెట్టుకోవాలి" అన్నారు. డాలస్‌లో అన్నయ్యకేమో అక్కడి పురోహితుడు సెప్టెంబర్ 3 అన్నాడట. అసలు దీన్ని కోడ్‌లో ఎలా పట్టుకోవాలి?

సెమీకోలన్:
బ్రో ఏటా 11 రోజులు వెనకబడుతుంటే అది సర్దడానికే కదా రెండున్నరేళ్లు దాటాక ఓ అధికమాసం వస్తుంది. 2023లో అధిక శ్రావణం జులై 18 నుంచి ఆగస్టు 16 దాకా, నీ యాప్ సరిగ్గా అందులో పడింది, తిథి కరెక్టే నెలే తప్పు. రోజులు కూడటం మానెయ్. చంద్రుడి స్ఫుటంలోంచి (అంటే ఆకాశంలో ఎన్ని డిగ్రీల దగ్గర ఉన్నాడో అది) సూర్యుడి స్ఫుటం తీసేసి 12తో భాగిస్తే తిథి, స్విస్ ఎఫెమెరిస్ అని గ్రహస్థానాలు లెక్కకట్టే లైబ్రరీ ఉంది, ఆ రెండూ ఇస్తుంది. బహుళ పంచమి అంటే 228 నుంచి 240 డిగ్రీలు. నెలకైతే వరసగా రెండు అమావాస్యల మధ్య సూర్యుడు రాశి మారకపోతే అది అధికం. ఇక్కడ అయనాంశ (విషువత్తు నుంచి కొలిచే డిగ్రీలకీ మన పంచాంగం నక్షత్రాల్ని బట్టి కొలిచేవాటికీ తేడా) తీసెయ్యాలి, తిథిలో అది కొట్టుకుపోతుంది కాబట్టి మర్చిపోయినా బయటపడదు, మాసం దగ్గరే కొంప ముంచుతుంది.

పంచాంగంపిల్ల:
మా నాన్నగారు పౌరోహిత్యం చేస్తారండి, అందుకే చెప్తున్నా, సూర్యోదయానికి ఏ తిథి ఉందో చూసి తద్దినం పెట్టరు. పగటిని అయిదు భాగాలు చేస్తే నాలుగోది అపరాహ్ణం, మనకి దాదాపు ఒంటిగంటన్నర నుంచి నాలుగు లోపు, తిథి అప్పుడుండాలి. మీ పంచమే చూడండి, 2024లో ఆగస్టు 23 పొద్దున పదిన్నర దాటాక వచ్చి 24 ఉదయం ఎనిమిదిలోపే వెళ్లిపోయింది. సూర్యోదయం చూసే కోడ్ 24 అంటుంది, పెట్టాల్సింది 23న. మీ అన్నయ్యదీ ఇదే లెక్క. 2023లో పంచమి మనకి సెప్టెంబర్ 3 సాయంత్రం ఆరు దాటాక మొదలైంది, డాలస్‌లో అది 3వ తేదీ పొద్దున ఎనిమిది కావొస్తున్న టైమ్. వాళ్ల అపరాహ్ణం 3నే, మనది 4న. ఇద్దరు పంతుళ్లూ కరెక్టే.

గోదారిగట్టు:
అమ్మో. అంటే ఊరి అక్షాంశ రేఖాంశాలు కూడా అడగాలన్నమాట, నేను పేరూ తేదీ తప్ప ఏం తీసుకోలేదు 😅

ఐఎస్‌టీబాధితుడు:
జావాస్క్రిప్ట్ అయితే ఇంకోటి చూస్కో అన్నా. ఇక్కడ అర్ధరాత్రి 12కి తేదీ చేసి టు ఐఎస్ఓ స్ట్రింగ్‌తో సేవ్ చేస్తే యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ముందురోజు 18:30 అయిపోతుంది, తేదీ ముక్క వరకే కత్తిరిస్తే ఒకరోజు గల్లంతు. పైగా అందులో జనవరి అంటే సున్నా. నేను ఇలాగే మా మేనల్లుడి బర్త్‌డే విషెస్ ఒకరోజు ముందే పంపించా, అక్క ఇప్పటికీ ఏడిపిస్తది.

సెమీకోలన్:
2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం ఉంది, టెస్ట్ కేసుల్లో అదీ పెట్టు. ఈసారి మీ నాన్న లీవ్ పెట్టకముందే.