ఇంటిపన్నుకీ, ఆర్థిక సంఘం డబ్బుకీ ఉపాధి హామీ తరహా సామాజిక తనిఖీ పెట్టాలా?

చెరువుగట్టు

ఒకే వీధిలో రెండు సీసీ రోడ్లు ఉన్నాయనుకోండి. ఒకటి ఉపాధి హామీ మెటీరియల్ డబ్బుతో వేసింది, రెండోది పంచాయతీలకు కేంద్రం నుంచి వచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధులతో. మొదటిదానికి సామాజిక తనిఖీ బృందం టేపు పట్టుకుని వచ్చేది. మస్టర్‌లో (కూలీల హాజరు పట్టీలో) పేరున్న ప్రతి మనిషినీ ఇంటికి వెళ్లి అడిగేది: పనికి వెళ్లావా, ఎన్ని రోజులు, ఎంత ముట్టింది? తేలిందంతా ముందు గ్రామసభలో, తర్వాత మండల ప్రజావేదికలో పైకి చదివేవాళ్లు. రెండో రోడ్డు దగ్గరికి ఎవరూ రారు.

మనకి తెలియని పద్ధతేమీ కాదిది. ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ గ్రామసభకు ఈ పని అప్పగిస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లోనే అమల్లో పెట్టింది, 2009లో దీనికోసం ప్రత్యేకంగా ఒక సొసైటీ ఏర్పాటు చేసింది. ఆరు నెలలకోసారి జరగాలన్న కేంద్ర నియమాలు వచ్చింది 2011లో. రెండు రాష్ట్రాల్లోనూ శిక్షణ పొందిన మనుషులున్నారు. పంచాయతీ ఖర్చు చేసే ప్రతి రూపాయికీ, వసూలు చేసే ప్రతి రూపాయికీ ఇదే తనిఖీని చట్టంలో రాయాలని నా వాదన. కాదనేవాళ్లు కారణాలు చెప్పండి.

ఆడిట్ కలం

చెరువుగట్టు గారూ, ఎవరూ రారనడం సరికాదు. రాష్ట్ర ఆడిట్ శాఖ పంచాయతీ లెక్కలు చూస్తుంది. క్యాష్‌బుక్‌కీ ట్రెజరీ లెక్కకీ తేడా, తీర్మానం లేని చెల్లింపు, ఓచరు లేని ఖర్చు, వసూలు చేసి ఆలస్యంగా కట్టిన పన్ను, ఇవన్నీ పేరాలుగా, అంటే ఆడిట్ అభ్యంతరాలుగా, రాసి పంపుతుంది. తప్పు దొరక్క ఆగింది లేదు. పేరాకి జవాబు రాక ఆగుతోంది. కార్యదర్శి బదిలీ అయిపోతాడు, వచ్చినాయన ‘ఇది నా హయాంలోది కాదు’ అంటాడు, పేరా ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది.

సామాజిక తనిఖీకి కూడా ఈ జబ్బు తప్పలేదు కదా. తేల్చిన మొత్తంలో తిరిగి వసూలైంది చాలా కొద్ది. సామాజిక తనిఖీ ప్రోత్సాహానికీ, అవినీతి నిరోధానికీ ఉమ్మడి రాష్ట్రం 2012లో ఏకంగా ఓ చట్టం చేసినా రికవరీ దారిన పడలేదు. ఉన్న పేరాల కుప్ప పక్కన మరో కుప్ప పోయడం దేనికి? ఆడిట్ నివేదికను తెలుగులో గ్రామసభలో చదివించండి, ఒక్కో పేరాకి జవాబు ఎవరు, ఏ తేదీలోగా చెప్పాలో మినిట్స్‌లో రాయించండి. ముందు అది జరగనివ్వండి.

తాపీపని

జవాబుల సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆడిట్ చూసేది ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, రాసిన కొలతని, రోడ్డుని కాదు. ఆ రెండిటి మధ్యే డబ్బు పోతుంది.

లెక్క చూడండి. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అంటే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. 1:1.5:3 పాళ్లలో కలిపితే ఘనపు మీటరుకి దాదాపు 8 బస్తాలు, మొత్తం 360 బస్తాల సిమెంటు. మందం 10 సెంటీమీటర్లకు దించితే పడేది 30 ఘనపు మీటర్లే. 120 బస్తాలు, వాటితోపాటు కంకర, ఇసుక మిగిలిపోయాయి. పొడవూ వెడల్పూ ఎవరైనా అడుగులేసి కొలుస్తారు కాబట్టి వాటి జోలికి పోరు.

అంచున గడ్డపారతో తవ్వి చూస్తే చాలనుకుంటారు చాలామంది. చాలదు. షట్టరింగ్ పక్కన లోతుగా తీసి, మధ్యలో గ్రావెల్ ఎత్తుగా వదిలేస్తారు. అంచున 15 చూపిస్తుంది, మధ్యలో 9 ఉంటుంది. కోర్ (మిషనుతో రోడ్డుని నిలువునా తొలిచి తీసే కాంక్రీటు ముక్క) తీయాల్సింది బండి చక్రాలు నడిచే చోట, అదీ తనిఖీ వాళ్లు ఎంచుకున్న చోట. ఆ మిషను ప్రతి మండలంలో ఉండదు, క్వాలిటీ కంట్రోల్ వాళ్లకి ముందే రాసి తెప్పించుకోవాలి.

అంతకంటే తేలికైన దారి కాంక్రీటు పోసే రోజు పొద్దున్నే ఉంది. రెండు షట్టరింగ్ పలకల పైఅంచుల మీదుగా దారం బిగించి, దారం నుంచి నేలకి నాలుగైదు చోట్ల టేపు పెట్టండి. రోడ్డుకి వాలు ఇస్తారు కాబట్టి పూర్తయ్యాక మధ్యలో ఇంకాస్త ఎక్కువే ఉండాలి, తక్కువ కాదు. పది నిమిషాల పని. ఆరు నెలల తర్వాత వచ్చే ఏ తనిఖీ కూడా దీనికి సాటిరాదు. ఆ వీధివాళ్లకి పని అంచనా కాగితం ముందే చేతికిస్తేనే ఇది కుదురుతుంది.

పంచాయతీ మెట్లు

అందరూ సర్పంచ్‌నే నిలబెట్టి అడుగుతున్నారు గనక అటువైపు మాట కూడా చెప్పాలి. 15వ ఆర్థిక సంఘం నిధుల్లో (2021–26) 60 శాతం ముందే కట్టేసి ఉండేవి: సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి. మిగిలిన 40 శాతంలో జీతాలు ఇవ్వకూడదన్నారు. ఆ డబ్బుని కరెంటు బకాయిలకు సర్దేశారని ఆంధ్రప్రదేశ్‌లో సర్పంచులు రోడ్డెక్కిన సంగతి అందరికీ తెలుసు. తెలంగాణలో 2018 చట్టం చెక్కు మీద సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరి సంతకాలూ ఉండాలంది. ఇద్దరికీ పడకపోతే పారిశుద్ధ్య కార్మికుల జీతం కూడా ఆగుతుంది. ఇన్ని ముడుల మధ్య పనిచేసేవాడిని ప్రజావేదికలో నిలదీస్తారు, పైనుంచి నిధులు మళ్లించిన ఆఫీసుని ఎవరూ పిలవరు.

ఖర్చు కూడా లెక్కేయండి. ఉపాధి హామీలో సామాజిక తనిఖీకి ఖర్చులో అర శాతం వరకూ ఇచ్చే ఏర్పాటు ఉండేది. ఏడాదికి 20 లక్షలు ఖర్చుపెట్టే పంచాయతీలో అర శాతం అంటే 10,000 రూపాయలు. ముగ్గురు మనుషులు ఐదు రోజులు ఉంటే భత్యాలు, బండి ఖర్చులు, జిరాక్సులకే అయిపోతుంది. కోర్ ఎవరు తీయిస్తారు? ఇక ఓడిపోయిన వర్గం ఈ తనిఖీని ఎలా వాడుకుంటుందో ఊళ్లో ఉన్నవాళ్లకి చెప్పనక్కర్లేదు.

రసీదు పుస్తకం

చర్చంతా రోడ్ల చుట్టూనే తిరుగుతోంది. ఇంటిపన్నుని వదిలేశారు. నా లెక్కన తనిఖీ మొదలవ్వాల్సింది అక్కడ. అది ఊరివాళ్లు నేరుగా ఇచ్చిన డబ్బు, రుజువు ప్రతి ఇంట్లో గూట్లో ఉంటుంది.

నగదుగా వసూలు చేసేచోట గొలుసు ఇదీ: రసీదు పుస్తకాల స్టాకు రిజిస్టరు, అందులో ఎక్కిన పుస్తకం, దాని కౌంటర్‌ఫాయిల్, రోజువారీ వసూలు, క్యాష్‌బుక్, ట్రెజరీ చలానా. ఆఫీసులో కూర్చుని ఈ గొలుసు చూస్తే అంతా సరిగ్గానే కనిపించొచ్చు, ఎందుకంటే స్టాకులోకే ఎక్కని పుస్తకం ఆఫీసులో ఉండదు. దానికి సాక్ష్యం ఇంటి దగ్గరున్న రసీదు ఒక్కటే. ఇంటింటికీ తిరిగి రసీదు నంబరు, తేదీ, మొత్తం రాసుకొచ్చి కౌంటర్‌ఫాయిల్‌తో పోల్చితే మూడు రకాల తప్పులు బయటపడతాయి: అసలు పుస్తకమే లేకపోవడం, రసీదులో ఒక అంకె కౌంటర్‌ఫాయిల్‌లో మరో అంకె ఉండటం, వసూలు తేదీకీ చలానా తేదీకీ మధ్య నెలలు గడవడం. మూడోదాన్ని ఆలస్యమని తేలిగ్గా తీసేస్తారు. అన్నాళ్లూ ఆ డబ్బు ఎవరి చేతిలో ఉందో అడగాలి. ఆడిట్ కలం గారూ, ఇంటింటికీ తిరిగే పని మీ శాఖ చేయలేదు కదా?

ఇంకొకటి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. అది పంచాయతీది కాదు, జిల్లా గ్రంథాలయ సంస్థకి కట్టాలి. డీసీబీ పట్టికలో (డిమాండు, వసూలు, బకాయి చూపే పట్టికలో) పన్ను వసూలు ఎంతో చూసి, సెస్సు ఎంత జమైందో అడగండి. ఊళ్లో గ్రంథాలయానికి పత్రికలు ఎందుకు ఆగాయో చాలాచోట్ల అక్కడే తెలుస్తుంది.

ఊరి దరఖాస్తు

కొత్త చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. సమాచార హక్కు చట్టం 2(జె) కింద పనిని స్వయంగా చూడొచ్చు, రికార్డులు చూసి రాసుకోవచ్చు, మెటీరియల్ నమూనా కూడా అడగొచ్చు. మన రాష్ట్రాల్లో గ్రామస్థాయి ఆఫీసుకి దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు.

చాలామంది ‘మూడేళ్ల ఖర్చుల వివరాలన్నీ ఇవ్వండి’ అని రాసి దెబ్బతింటారు. వేల పేజీలని జవాబొస్తుంది. పని పేరు, సంవత్సరం రాసి అంచనా, తీర్మానం, ఎం-బుక్ పేజీలు, చెల్లింపు ఓచరు, ఈ నాలుగే అడగండి. పని, ఓచరు వివరాలు ముందే పంచాయతీల లెక్కలు పెట్టే ఈ-గ్రామ్ స్వరాజ్ సైట్లో చూసుకుంటే కాగితానికీ దానికీ తేడా దొరుకుతుంది. 30 రోజుల్లో రాకపోతే మొదటి అప్పీలు.

అయితే ఒక ప్రమాదం ఉంది. 2023 వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలోని 44(3), వ్యక్తిగత వివరాలు ఇవ్వకుండా ఆపే సమాచార హక్కు 8(1)(జె)ని మార్చేసింది. ఇకపై మస్టర్‌లో పేర్లు, పన్ను బకాయిదారుల పేర్లు ‘వ్యక్తిగతం’ అని ఆపేయడం తేలిక. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చనే 8(2) ఇంకా ఉంది, దరఖాస్తులోనే దాన్ని ప్రస్తావించండి. నా భయం ఇదే గనక చెరువుగట్టు గారితో ఏకీభవిస్తాను. దయతో ఇచ్చే కాగితం మీద ఆధారపడకుండా, పేర్లు బహిరంగంగా చదివే అధికారం గ్రామసభకే ఉండాలి.

ఆడిట్ కలం

రసీదు పుస్తకం గారి ప్రశ్నకి జవాబు: చేయలేదు, అంతమంది సిబ్బంది లేరు. ఇంటింటి పోలిక వరకూ సామాజిక తనిఖీ కావాలని ఒప్పుకుంటున్నాను. 15వ ఆర్థిక సంఘం నిధులకు సామాజిక తనిఖీ మార్గదర్శకాలు కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2021లోనే ఇచ్చిందన్నది కూడా గుర్తుచేయాలి. అవి మార్గదర్శకాలు కాబట్టే మనం ఈ చర్చ చేస్తున్నాం. మేఘాలయ 2017లో అనేక పథకాలకు కలిపి సామాజిక తనిఖీ చట్టం చేసింది. మనం ఉపాధి హామీ దగ్గరే ఆగిపోయాం.

చెరువుగట్టు

పంచాయతీ మెట్లు గారి అభ్యంతరాల్లో రెండు నా ప్రతిపాదనని మారుస్తున్నాయి. ఖర్చు పంచాయతీ మీద వేయకూడదు, రాష్ట్రమే భరించాలి. అన్నిచోట్లా కోర్ తీయనక్కర్లేదు, తనిఖీ బృందం ఎంచుకున్న కొన్ని పనులకు చాలు. నిధులు మళ్లిస్తే ఆ ఉత్తర్వు ఇచ్చిన ఆఫీసు ప్రతినిధి ప్రజావేదికకి రావాలి. వర్గాల సంగతికి మాత్రం ఉపాధి హామీలోనే విరుగుడు ఉండేది: తనిఖీ చేసేవాళ్లు ఆ ఊరివాళ్లు కాకూడదు.

పంచాయతీ మెట్లు

బయటి ఊరివాళ్లు వచ్చినా భోజనం ఎవరింట్లో చేశారన్నది మర్నాటికి ఊరంతా తెలుస్తుంది. బృందం బడిలోనే బస చేయాలి, వంట ఖర్చు వాళ్లదే కావాలి. నిధులు మళ్లించిన ఆఫీసు ప్రతినిధి రాకపోతే ప్రజావేదిక వాయిదా పడాలనీ చట్టంలోనే రాయండి. ఆ రెండూ ఉంటే నేను వ్యతిరేకించను. లేకపోతే వ్యతిరేకిస్తూనే ఉంటాను.