నడుముకు దాచి పెట్టుకోవడానికి పెద్ద క్యాలిబర్ చిన్న రివాల్వర్: ఏది తీసుకోవాలి?

ప్లేనో_కృష్ణ:
టెక్సస్‌లో ఉంటాను, గ్రీన్ కార్డ్ ఉంది. రోజూ చొక్కా కింద నడుముకు పెట్టుకోవడానికి రివాల్వరే కావాలి, పిస్టల్ వద్దు. మూడు చూసి పెట్టుకున్నాను. చార్టర్ ఆర్మ్స్ బుల్‌డాగ్: .44 స్పెషల్ తూటా, 2.5 అంగుళాల బారెల్, సుమారు 20 ఔన్సులు. రూగర్ జీపీ100: అదీ .44 స్పెషలే, 3 అంగుళాలు, 36 ఔన్సులు. రూగర్ ఎస్‌పీ101: .357 మాగ్నమ్, 2.25 అంగుళాలు, సుమారు 26 ఔన్సులు. మూడింట్లోనూ అయిదేసి తూటాలే. తేలిగ్గా ఉందని బుల్‌డాగ్ వైపు మొగ్గుతున్నాను. వాడినది దొరికితే అదీ కొంటాను. ఏం చూసుకోవాలో చెప్పండి.

చక్రం44:
కృష్ణ గారూ, బరువు తగ్గితే నడుముకు సుఖం, చేతికి కష్టం. ఒకే తూటాను రెండు రివాల్వర్లలో పేలిస్తే, వెనక్కి తన్నే శక్తి వాటి బరువుకు విలోమంగా ఉంటుంది. అంటే 36 ఔన్సుల జీపీ100తో పోలిస్తే 20 ఔన్సుల బుల్‌డాగ్ సుమారు 1.8 రెట్లు తంతుంది. మొదటి గుండు ఎవరైనా సరిగ్గానే పేలుస్తారు. తేడా తెలిసేది రెండోది, మూడోది దగ్గర. గ్రిప్ అరచేతిలో జరిగిపోతుంది, ముందు సైట్ (బారెల్ కొసన గురి చూసే బొడిపె) మళ్లీ గురి మీదికి రావడానికి ఆలస్యమవుతుంది.

అలాగని .44 స్పెషల్‌ను చూసి భయపడక్కర్లేదు. దాని ప్రమాణ పీడనం 15,500 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), .357 మాగ్నమ్‌ది 35,000. పొట్టి బారెల్లోంచి .357 మందు వాయువులు ఇంకా ఎక్కువ పీడనంతో ఉండగానే బయటికొచ్చి అక్కడ మండుతాయి. మెరుపూ చప్పుడూ అందువల్లే. గది లోపల, చెవులకు రక్షణ లేకుండా పేల్చాల్సి వస్తే అది చిన్న విషయం కాదు. ఎస్‌పీ101 కొంటే అందులో .38 స్పెషల్ ప్లస్ పీ (మామూలు .38 స్పెషల్ కన్నా కాస్త ఎక్కువ పీడనం) వాడుకోవచ్చు. చాలామందికి అదే సరైన జవాబని నా అభిప్రాయం, కానీ మీరడిగింది పెద్ద క్యాలిబర్ గురించి.

ఆ మాటకే కట్టుబడితే నా ఓటు 3 అంగుళాల జీపీ100కి. మంచి బెల్టు ఉంటే 36 ఔన్సులు నడుము మోస్తుంది. బుల్‌డాగే కావాలంటే ముందు రేంజ్‌లో అద్దెకు తీసుకుని 7 గజాల దూరంలో డబుల్ యాక్షన్‌లో (ప్రతిసారీ ట్రిగ్గర్ ఒక్కటే పూర్తిగా లాగుతూ) అయిదూ పేల్చండి. అయిదూ అరచేయంత జాగాలో పడాలి. పడకపోతే దాని తేలికదనం మీకు పనికిరాదు.

అయిదో_గది:
తూటాల సంగతి. బుల్‌డాగ్‌లో ఫ్యాక్టరీ ప్రమాణ లోడ్లే వాడండి. ఎక్కువ పీడనంతో చేసిన .44 స్పెషల్ కూడా అమ్ముతారు, అవి బరువైన ఫ్రేములకు. .44 మాగ్నమ్ కేసు (తూటా ఇత్తడి తొడుగు) అంగుళంలో ఎనిమిదో వంతు పొడుగు కాబట్టి ఈ సిలిండర్లలోకి ఎలాగూ పోదు.

పొట్టి బారెల్లో వేగం తగ్గుతుంది. 200 గ్రెయిన్ల బరువున్న హాలో పాయింట్ (ముక్కు బోలుగా ఉండి, తగిలాక విచ్చుకునే గుండు) పూర్తిగా విచ్చుకోకుండానే పోవచ్చు. పొట్టి బారెల్ కోసమే చేసినవి ఎంచుకోండి, లేదా విచ్చుకోవడం మీద ఆధారపడని చదును ముక్కు సెమీ వాడ్‌కట్టర్ తీసుకోండి. .429 అంగుళాల గుండు విచ్చుకోకపోయినా పెద్దదే.

తేలిక రివాల్వర్‌లో ఎక్కువమంది పట్టించుకోని చిక్కు ఇంకోటుంది. పేలిన తూటా తన్నుకు సిలిండర్ మొత్తం ఒక్కసారిగా వెనక్కి వస్తుంది. ఇంకా పేలని తూటాల్లో గుండు ఉన్నచోటే ఆగిపోతుంది, కేసు దాన్ని వదిలి వెనక్కి జరుగుతుంది. క్రింపు (గుండును పట్టి ఉంచే కేసు అంచు నొక్కు) బలంగా లేకపోతే గుండు కొంచెం కొంచెంగా బయటికొచ్చి, దాని ముక్కు సిలిండర్ ముందు అంచు దాటి ఫ్రేముకు తగులుతుంది. ఇక సిలిండర్ తిరగదు, చక్కబెట్టుకోవడానికి అక్కడ టైమూ ఉండదు. పరీక్ష సులువు: ఒక తూటా పొడవు కాలిపర్‌తో కొలిచి గుర్తు పెట్టండి, దాన్ని ఆఖరుకు ఉంచి మిగతా నాలుగూ పేల్చండి, తీసి మళ్లీ కొలవండి. పొడవు పెరిగినట్టు కనిపిస్తే ఆ బ్రాండ్ మీ రివాల్వర్‌కు పనికిరాదు.

పద్మ_ఆస్టిన్:
వాడినది కొనేటప్పుడు ముందు సిలిండర్ తెరిచి అయిదు గదులూ ఖాళీయేనని కంటితో చూడండి, వేలు పెట్టీ చూడండి. తర్వాత అమ్మేవారి అనుమతి అడిగి హ్యామర్‌ను (తూటాను పేల్చే వెనక సుత్తి) నెమ్మదిగా వెనక్కి లాగండి, రెండో చేతి వేలితో సిలిండర్‌ను కాస్త ఆనించి పట్టుకోండి. హ్యామర్ చివరిదాకా వచ్చేలోపే సిలిండర్ టక్కున తాళం పడాలి. అయిదు గదులకూ విడివిడిగా చూడాలి, ఒక్క గదికే తేడా ఉండటం మామూలే. హ్యామర్ పూర్తిగా ఎక్కించి, ట్రిగ్గర్ ముట్టకుండా బొటనవేలితో వెనకనుంచి ముందుకు నెట్టండి. జారి పడిపోతే అక్కడే వదిలేసి వచ్చేయండి.

సిలిండర్‌కూ బారెల్‌కూ మధ్య ఖాళీని ఫీలర్ గేజ్‌తో (సన్న రేకుల కొలత సాధనం) కొలవండి, సిలిండర్‌ను వెనక్కి నొక్కిపెట్టి. 0.004 నుంచి 0.006 అంగుళాలు బాగు. 0.010 దాటితే వద్దు. సిలిండర్ ముందుకూ వెనక్కూ ఊగుతుంటే అరిగిందని అర్థం. స్మిత్ అండ్ వెసన్ 696 ఎవరైనా చూపిస్తే (.44 స్పెషల్, 3 అంగుళాలు, ఇప్పుడు తయారవడం లేదు) బారెల్ వెనక కొసను లైటు వేసి చూడండి. ఆ మోడల్‌లో ఫోర్సింగ్ కోన్ (గుండు బారెల్‌లోకి దూరే ఆ కొసలోని నోరు) గోడ పల్చన. పగుళ్లు ఉంటే ఎంత తక్కువకిచ్చినా తీసుకోకండి.

చట్టం_ముందు:
ఇది చదివే అందరి దగ్గరా గ్రీన్ కార్డ్ ఉండదు కాబట్టి చెబుతున్నాను. హెచ్‌1బీ, ఎల్1, ఎఫ్1 లాంటి వలసేతర వీసాల మీద వచ్చినవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులున్నాయి. రేంజ్‌లో అద్దె తుపాకీ పట్టుకున్నా ఇదే వర్తిస్తుంది. స్నేహితులను సరదాగా వెంట తీసుకెళ్లేముందు ఇది అడిగి తెలుసుకోండి.

కృష్ణ గారికి కొనడానికి అడ్డు లేదు. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి, ఇతర అనర్హతలు లేని 21 ఏళ్లు నిండినవారికి లైసెన్స్ లేకుండానే పెట్టుకుతిరిగే వీలుంది. అయినా లైసెన్స్ తీసుకోమనే అంటాను. దాన్ని గుర్తించే రాష్ట్రాలు చాలా ఉన్నాయి, బడుల చుట్టూ 1000 అడుగుల ఫెడరల్ నిషేధం నుంచి లైసెన్స్ ఇచ్చిన రాష్ట్రంలో మినహాయింపూ వస్తుంది. ఎర్రటి 51% బోర్డున్న (ఆదాయంలో సగానికి మించి అక్కడే తాగే మద్యం నుంచి వచ్చే) బార్లలోకి మాత్రం లైసెన్స్ ఉన్నా తీసుకెళ్లకూడదు. ఇంట్లో 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి తుపాకీ అందేలా వదిలేయడం టెక్సస్‌లో నేరం. నడుము మీద లేనప్పుడు తాళం పెట్టెలోనే ఉండాలి.

రేంజ్‌కు తీసుకెళ్లే సంచీని ఇండియా ప్రయాణానికి వాడకండి. మూల జేబులో మర్చిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో స్కానర్‌కు దొరికినా 1959 ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు.

ప్లేనో_కృష్ణ:
అందరికీ ధన్యవాదాలు. జీపీ100 వైపే వెళ్తున్నాను. అయితే వేసవిలో ఒక్క టీషర్ట్ కింద అది కనబడదా? హోల్‌స్టర్ ఎలాంటిది?

చక్రం44:
బయటికి కనబడేది బారెల్ కాదండి, గ్రిప్ కింది కొస. ప్యాంటు లోపలికి పెట్టే హోల్‌స్టర్ తీసుకోండి. గ్రిప్‌ను ఒంటివైపు తిప్పే వంపు దానికి ఉండాలి, కుడి తుంటి ఎముక వెనగ్గా పెట్టుకోవాలి. రబ్బరు గ్రిప్ గుడ్డకు అతుక్కుని చొక్కాను పైకి లాగుతుంది. నున్నటి చెక్క గ్రిప్ ఆ పని చేయదు. ట్రిగ్గర్ గార్డ్ మొత్తం మూసుకుని ఉండాలి, రివాల్వర్ తీశాక హోల్‌స్టర్ నోరు ముడుచుకుపోకూడదు. బెల్టు ఒకటిన్నర అంగుళాల వెడల్పు, రెండు పొరల తోలుది. తిరిగి పెట్టేటప్పుడు బొటనవేలు హ్యామర్ మీద ఉంచి నెమ్మదిగా దించండి. చొక్కా మడత ట్రిగ్గర్‌కు తగిలితే హ్యామర్ వెనక్కి లేవబోతుంది, అది వేలికి తెలిసి వెంటనే ఆపుతారు.

అయిదో_గది:
ఇంకొకటి. ఖాళీ కేసులు తీసేటప్పుడు బారెల్‌ను ఆకాశం వైపు నిలబెట్టి ఎజెక్టర్ రాడ్‌ను (ఖాళీ కేసులను బయటికి నెట్టే కడ్డీ) అరచేత్తో ఒక్క దెబ్బ గట్టిగా కొట్టండి. మెల్లగా నొక్కితే, పైగా బారెల్ నేలవైపుంటే, కాలని మందు పలుకులు ఎజెక్టర్ నక్షత్రం (కేసుల అంచులను పట్టి లేపే నక్షత్రాకారపు పలక) కిందికి చేరతాయి. రెండు మూడు పలుకులు చాలు, సిలిండర్ మూసుకోదు, మూసుకున్నా బరువుగా తిరుగుతుంది. పాత టూత్‌బ్రష్‌తో ఆ చోటును పొడిగా తుడవండి, నూనె వేయకండి.