గ్రాఫిక్స్ కార్డుకు హీట్ గన్ పెడితే బాగవుతుందా, డబ్బు దండగేనా?

తెనాలి_డీటీపీ:
షాపులో పాత డెస్క్‌టాప్ ఉంది. కోర్ 2 డ్యుయో ప్రాసెసర్, జీ41 మదర్‌బోర్డు, విండోస్ ఎక్స్‌పీ. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అను తెలుగు ఫాంట్లు, ఇన్నేళ్ల శుభలేఖల ఫైళ్లు అన్నీ అందులోనే. కాబట్టి కొత్తది కొనమని మాత్రం చెప్పకండి. ఈమధ్య స్క్రీన్ నిండా రంగు చుక్కలు, నిలువు గీతలు. ఒక్కోసారి డిస్‌ప్లేనే రాదు, ఒక పొడుగు బీప్, రెండు పొట్టి బీప్‌లు కొట్టి ఊరుకుంటుంది. మా మెకానిక్ కార్డు పోయింది, హీట్ గన్ (వేడి గాలి ఊదే సాధనం) పెట్టి లేపుతా, 800 ఇమ్మంటున్నాడు. గ్యారంటీ అడిగితే నవ్వుతున్నాడు. పెట్టించమంటారా?

హార్డ్‌వేర్_మామ:
పెట్టించు తమ్ముడూ. చిప్ కింద దాన్ని కార్డుకి అతికించే సోల్డర్ బాల్స్, అంటే చిన్న లోహపు గుండ్లు ఉంటాయి. ఏళ్లపాటు వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి పగుళ్లిస్తాయి. వేడి తగిలితే మళ్లీ అతుక్కుంటాయి. నా చేతిమీదుగా లేచిన కార్డుల్లో ఏడాది దాటి నడిచినవి ఉన్నాయి. పోయిన కార్డుకి ఇంకేం పోతుంది?

సీసం_సుబ్బు:
మామా, బాల్స్ అతుక్కుంటాయి అనే మాట దగ్గరే నా పేచీ. 2006 జులై నుంచి యూరప్‌లో సీసం మీద ఆంక్షలు వచ్చాయి. ఆ తర్వాత వచ్చిన కార్డుల్లో దాదాపు అన్నీ సీసం లేని సోల్డరే. అది కరగాలంటే సుమారు 217 డిగ్రీలు కావాలి. పాత సీసం సోల్డర్ అయితే 183కే కరిగేది. హీట్ గన్ గాలి 300 ఉన్నా, చిప్ అడుగున ఎంత ఉందో మన వీధి మెకానిక్ దగ్గర కొలిచే సాధనమే లేదు. ఓవెన్‌లో 200 దగ్గర పెట్టి బాగైందని వీడియోలు పెట్టేవాళ్లున్నారు. ఆ వేడికి బాల్స్ కరగనే కరగవు. మరి కార్డు ఎలా లేచింది?

ఎందుకంటే చాలాసార్లు పగులు ఆ బాల్స్‌లో కాదు, వాటికి పైన. సిలికాన్ ముక్కకీ, దాని కింది ఆకుపచ్చ పలకకీ మధ్య ఇంకా సన్నని బంప్‌లుంటాయి. వేడికి అక్కడ పదార్థం వ్యాకోచించి, విడిపోయిన కొసలు మళ్లీ తగులుతాయి. తగలడమే, అతకడం కాదు. నాలుగుసార్లు ఆన్ ఆఫ్ అయ్యాక మళ్లీ విడిపోతాయి. 2008 జులైలో గ్రాఫిక్స్ చిప్‌లు చేసే ఎన్విడియా కంపెనీ కొన్ని చిప్‌ల డై (ఆ సిలికాన్ ముక్క), ప్యాకేజింగ్ మెటీరియల్ బలహీనంగా ఉందని ఒప్పుకుని 15 నుంచి 20 కోట్ల డాలర్లు ఖర్చు కింద రాసుకుంది. కంపెనీకే అంత పడిన జబ్బు 800 రూపాయల గాలికి తగ్గుతుందా?

ఇంట్లో ఓవెన్ ఉన్నవాళ్లకి ఒక మాట: తినే వస్తువులు వండేదాంట్లో కార్డు పెట్టకండి. కార్డు మీది కెపాసిటర్లు ఎక్కువగా 105 డిగ్రీల రేటింగ్‌వి, పేలొచ్చు. పొగ సంగతి సరేసరి.

హార్డ్‌వేర్_మామ:
ఆ ఎన్విడియాది ల్యాప్‌టాప్ చిప్‌ల కథ సుబ్బూ, డెస్క్‌టాప్ కార్డుల మీద రుద్దకు. బాల్స్ పగిలిన కార్డులూ ఉంటాయి. పైగా ఇతనికి కావాల్సింది పదేళ్లు కాదు, ఈ పెళ్లిళ్ల సీజన్ గడవడం.

సీసం_సుబ్బు:
ల్యాప్‌టాప్‌వే, ఒప్పుకుంటా. బాల్స్ పగిలితే దానికి సరైన వైద్యం చిప్ ఊడదీసి కొత్త బాల్స్ వేయడం, అంటే రీబాలింగ్. ఆ ఖర్చుకి సెకండ్ హ్యాండ్ కార్డు వస్తుంది. సీజన్ మధ్యలో మళ్లీ చుక్కలొస్తే ముహూర్తం ఆగుతుందా?

వరంగల్_సీనియర్:
ఇద్దరూ ఆగండయ్యా. కార్డే పోయిందని ఎవరు తేల్చారు? మెకానిక్ మాటేగా.

తెనాలి గారూ, ముందు మానిటర్ కేబుల్ పీకి పవర్ మాత్రం ఉంచండి. "నో సిగ్నల్" అక్షరాల మీద, మానిటర్ సొంత మెనూ మీద కూడా గీతలుంటే తప్పు మానిటర్‌ది. అవి శుభ్రంగా ఉంటే కేబుల్ మార్చి చూడండి. వీజీఏ కేబుల్లో ఒక పిన్ వంగితే స్క్రీన్ మొత్తం గులాబీగానో పసుపుగానో మారుతుంది, అంతేగానీ చుక్కలు రావు. తర్వాత చుక్కలు కనిపిస్తున్నప్పుడు స్క్రీన్‌షాట్ తీసి వేరే కంప్యూటర్లో తెరవండి. ఫోటోలోనూ ఉంటే కార్డో, దాని మెమరీయో, డ్రైవరో (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్). లేకపోతే మానిటరో, కేబులో, కార్డు బొమ్మని బయటికి పంపే భాగమో చూడాలి. విండోస్ రాకముందు వచ్చే బయాస్ (మదర్‌బోర్డు సొంత ప్రోగ్రాం) స్క్రీన్ మీదే చుక్కలుంటే డ్రైవర్ని కూడా వదిలేయొచ్చు. అవార్డ్ కంపెనీ బయాస్ అయితే మీరు చెప్పిన ఆ బీప్ వీడియో లోపానిదే.

అసలు సంగతి: మీ మదర్‌బోర్డు మీది జీ41 చిప్‌సెట్‌లోనే గ్రాఫిక్స్ ఉంది. చాలా బోర్డుల వెనక వీజీఏ పోర్టు ఉంటుంది. కార్డు పీకేసి కేబుల్ దానికి పెట్టండి. పేజ్‌మేకర్‌కి త్రీడీ కార్డు ఎందుకండీ?

తెనాలి_డీటీపీ:
మెనూ శుభ్రంగా ఉంది. చుక్కలు బయాస్ దగ్గరే మొదలవుతున్నాయి, అంటే కార్డే. పీకేసి బోర్డు పోర్టుకి పెట్టా, వచ్చింది! మొదట 800 బై 600లో అన్నీ పెద్దపెద్దగా కనిపించాయి. ఇంటెల్ ఎక్స్‌పీ డ్రైవర్ వేశాక సర్దుకుంది. పీడీఎఫ్ పెద్దదైతే పేజీ తిప్పడం కాస్త నిదానం, అంతే. మెకానిక్‌కి వద్దని చెప్పేశా.

హార్డ్‌వేర్_మామ:
మంచిదే. ఆ కార్డు పారేయకు, నాకు పంపు. లేపి చూపిస్తా.

సీసం_సుబ్బు:
లేపు మామా. రోజూ ఆన్ ఆఫ్ చేస్తూ ఎన్నాళ్లు నడిచిందో కూడా ఇక్కడే రాయాలి మరి.