హార్డ్ ల్యాండింగ్: విమానానికి ఒక మాట, ఆర్థిక వ్యవస్థకి ఇంకో మాట

హార్డ్ ల్యాండింగ్‌ని తెలుగులో ఏమనాలని గ్రూపులో అడిగారు. రెండు రంగాలకీ ఒకే మాట వెతకడం వృథా అని నా అభిప్రాయం.

విమానం చక్రాలు నేలను తాకే క్షణంలో కిందికి దిగే వేగం మరీ ఎక్కువైతే అది హార్డ్ ల్యాండింగ్. పెద్ద ప్రయాణికుల విమానాల ల్యాండింగ్ గేర్‌ని సెకనుకు 10 అడుగుల వేగంతో దిగినా తట్టుకునేలా తయారుచేస్తారు. దెబ్బ గట్టిగా తగిలిందని పైలట్ రాస్తే, ఇంజనీర్లు తనిఖీ చేసి సరేనన్నాకే అది మళ్లీ ఎగురుతుంది.

కుదుపు వచ్చిన ప్రతిసారీ పైలట్‌ని తప్పుపట్టకండి. మన విశాఖలో జోరువానలో దిగుతున్నప్పుడు దబ్బుమని చప్పుడొస్తుంది, సీటు అదురుతుంది, నెత్తిమీద సామాన్ల అరలు గడగడలాడతాయి. చాలాసార్లు అది కావాలని చేసిందే. తడి రన్‌వే మీద మరీ మెత్తగా దింపితే టైర్ల కింద నీటి పొర నిలిచి విమానం జారే ప్రమాదం ఉంది. కాస్త గట్టిగా ఆనిస్తే పొర చీలుతుంది, చక్రాలు తిరుగుతాయి, రెక్కల మీది పలకలు లేస్తాయి, బ్రేకులు పడతాయి. దీన్ని ఫర్మ్ ల్యాండింగ్ అంటారు. నా లెక్కలో ఇది ‘గట్టిగా దిగడం’, హార్డ్ అయితే ‘నేలకి కుదేసినట్టు దిగడం’. ‘కూలడం’ మాత్రం వాడకండి, అది ప్రమాదమే.

ఆర్థికంలో సంగతి వేరు. ధరలు అదుపు తప్పితే కేంద్ర బ్యాంకు వడ్డీ పెంచుతుంది. మాంద్యం రాకుండా ధరలు దిగొస్తే సాఫ్ట్, మాంద్యాన్ని వెంటబెట్టుకొస్తే హార్డ్. అమెరికాలో కేంద్ర బ్యాంకు అధిపతి పాల్ వోల్కర్ హయాంలో వడ్డీ 20 శాతం దాకా వెళ్లింది. ధరలు దిగాయి గానీ 1982 చివరికి నిరుద్యోగం 10.8 శాతానికి చేరింది. 1994-95లో ఆయన తర్వాతి అధిపతి గ్రీన్‌స్పాన్ వడ్డీని 3 నుంచి 6 శాతానికి పెంచినా మాంద్యం రాలేదు. మన రిజర్వు బ్యాంకు 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపోని, అంటే బ్యాంకులకి తానిచ్చే అప్పు మీది వడ్డీని, 4 నుంచి 6.5 శాతానికి తీసుకెళ్లింది. విశాఖ మధురవాడలో అప్పుచేసి ఫ్లాట్ కొన్నవాళ్లకి ఈఎంఐ పెరగడమో, వాయిదాలు ఏళ్లకేళ్లు సాగడమో జరిగింది. ఆర్థిక వ్యవస్థ మాత్రం చతికిలబడలేదు.

ఆ ‘చతికిలబడటం’ చాలు, ఇక్కడ ల్యాండింగ్ అనే ఊహే అక్కర్లేదు. విమానంలో కుదుపు అందరికీ ఒకేసారి తగులుతుంది. మాంద్యంలో అది ముందు ఉద్యోగం పోయినవాళ్ల మీద పడుతుంది. ఆ బాధ మాటలో వినపడాలి.

విమానవాహక నౌక మీదైతే మెత్తగా ఆనించరు, విమానం తోక కింది కొక్కెం డెక్ మీద అడ్డంగా కట్టిన తీగను అందుకునేలా సూటిగా దించేస్తారు. విశాఖలోని నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాలో పనిచేసినవాళ్లెవరైనా ఉంటే, ఆ దిగడాన్ని మీలో మీరు తెలుగులో ఏమంటారో రాయండి.