5 రోజుల టీఎంఎస్ ప్యాకేజీ: ఏం అడగాలె?

ప్రశ్న – చౌరస్తా_హన్మకొండ
రెండు మందులు పూర్తి డోసులో వాడినా డిప్రెషన్ తగ్గని పేషెంటుకు టీఎంఎస్ (తల మీద కాయిల్ పెట్టి అయస్కాంత పల్సులతో మెదడును ప్రేరేపించే చికిత్స) కోసం అడిగితే హైదరాబాద్‌లో ఒక చోట 30 సిట్టింగులు, ఇంకో చోట "5 రోజుల్లో అయిపోతది" అన్నరు. రెండూ అదే మిషనేనా? డబ్బులు కట్టేముందు ఏం చూసుకోవాలె? షాక్ ట్రీట్‌మెంట్ లాంటిదేనా ఇది?

జవాబు – కాయిల్_పట్టేటోడు
మిషన్ ఒకటే, లెక్క వేరు. తీటా బర్స్ట్ అనే పద్ధతిలో మామూలు సిట్టింగ్ 600 పల్సులు, మూడు నిమిషాల పైచిలుకు. ఆరు వారాల 30 సిట్టింగులకు 18,000. 2022లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి పొందిన సెయింట్ పద్ధతిలో సిట్టింగ్‌కు 1,800 పల్సులు, గంటకొకటి చొప్పున రోజుకు పది, అయిదు రోజులు. మొత్తం 90,000. అంటే అక్కడ ఆరు వారాలది ఇక్కడ ఒక్క రోజుల పడుతది.

సిట్టింగ్ పది నిమిషాలే, మిగిలిన 50 నిమిషాలు ఖాళీ. ఆ ఖాళీ పేషెంటు టీ తాగడానికి కాదు. నరాల కనెక్షన్ బలపడాలంటే రెండు సిట్టింగుల మధ్య అంత సమయం కావాలన్న ఆలోచన మీదనే ఈ పద్ధతి నిలబడ్డది. "మధ్యాహ్నానికే పది పూర్తి చేస్తం" అంటే అది సెయింట్ కాదు. ఎమ్మారై స్కాన్‌తో ఎడమ నుదుటి వెనక జాగా ఒక్కొక్కరికి వేరుగా గుర్తించడం కూడా అందులో భాగమే. టేపుతో తల కొలిచి పెట్టేది పాత పద్ధతి. అదీ పనిచేస్తది గానీ, దానికి సెయింట్ అని పేరు పెట్టి ఆ రేటు తీసుకోవద్దు.

మొదటి రోజు బొటనవేలు చూడుండ్రి. కాయిల్‌ను మెదడుల చెయ్యి కదిలించే జాగా మీద పెట్టి, పదిసార్లు కొడితే అయిదుసార్లు వేలు ఎగిరే బలం వెతుకుతరు. డోసు దాన్నుంచే లెక్క. దాన్ని హడావిడిగా చేస్తే తర్వాతదంతా తప్పే. తలకు నూనె పెట్టుకొని పోవద్దు, గుర్తు పెట్టిన టోపీ జారుతది. కాయిల్ ఒక అంచు కొద్దిగా లేచినా లోపలికి బలం తగ్గుతది. చెవుల ప్లగ్గులు తప్పనిసరి, ఆ టక్‌టక్ చప్పుడు చిన్నది కాదు.

జవాబు – మాత్రల_పెట్టె
మందుల చీటీ మొత్తం చూపించుండ్రి. బుప్రోపియాన్, క్లోజాపిన్, ట్రామడాల్ ఫిట్స్ వచ్చే అవకాశం పెంచుతయి. క్లోనాజెపామ్, లోరాజెపామ్ ఉంటే ఫలితం మందగించొచ్చు. అట్లని సొంతంగా టక్కున ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదం అదొకటి. టీఎంఎస్‌తో ఫిట్స్ అరుదే, కానీ నిద్ర లేకపోతే, మద్యం తాగితే పెరుగుతది. అందుకే కాజీపేటల తెల్లారగట్ల రైలెక్కి రోజూ పోయి రావుడు పెట్టుకోవద్దు, ఆ అయిదు రాత్రులు అక్కడే ఉండుండ్రి. తల లోపల ఆపరేషన్‌ల పెట్టిన లోహపు క్లిప్పు, కాక్లియర్ ఇంప్లాంట్ (చెవి లోపల పెట్టే వినికిడి మిషన్), ఒంట్లో పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలె. ఇదివరకు ఎప్పుడన్నా ఉన్మాదం వచ్చి, నిద్ర లేకుండ హుషారుగ తిరిగిన రోజులుంటే అదీ చెప్పాలె.

చౌరస్తా_హన్మకొండ
షాక్ సంగతి?

కాయిల్_పట్టేటోడు
కాదు. షాక్ ట్రీట్‌మెంట్ అంటే ఈసీటీ, అందులో మత్తు ఇచ్చి కావాలని ఫిట్ తెప్పిస్తరు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మత్తు, కండరాలు సడలించే మందు లేకుండా చేయవద్దు. టీఎంఎస్‌లో పేషెంటు మెలకువగానే కుర్చీల కూసుంటడు. కానీ తిండి మానేసినా, బిగుసుకుపోయి మాట్లాడకపోయినా, చచ్చిపోతననే మాట అంటున్నా ప్యాకేజీల కోసం ఎదురుచూడొద్దు. వెంటనే వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానకు తీసుకపోండి, ఫోన్ల మాట్లాడాలంటే మానసిక సాయం హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416. అసొంటి పరిస్థితిల ఈసీటీనే ముందు వరుసల ఉంటది.

మాత్రల_పెట్టె
ఒక్కటి కలుపుత. సెయింట్ పద్ధతి మీద 2021ల వచ్చిన ట్రయల్‌ల అసలు చికిత్స తీసుకున్నోళ్లల్ల 79 శాతం మంది నాలుగు వారాల లోపల కోలుకున్నరు, ఉత్తుత్తి కాయిల్ పెట్టినోళ్లల్ల 13 శాతం. కానీ అందుల ఉన్నది మొత్తం 29 మందే. ఈ 79ని బ్రోచర్ మీద గ్యారంటీ లెక్క అచ్చేస్తే నమ్మొద్దు. మొదలుపెట్టే ముందు, అయిదో రోజు, నెల తర్వాత డిప్రెషన్ ఎంతుందో కొలిచిన స్కోరు రాసి ఇమ్మనుండ్రి. మళ్లీ దిగజారితే ఏం చేస్తరో, దానికి ఎంత తీసుకుంటరో కూడా కాయితం మీదనే.