బ్రిటిష్ కాలం నాటి తుపాకీ మందు లైసెన్సుల రికార్డులు ఎక్కడ దొరుకుతాయి?

అందరికీ నమస్కారం. మా ముత్తాత నర్సీపట్నంలో తుపాకీ మందు, గుళ్లు అమ్మేవారట. పాత ట్రంకుపెట్టెలో ఆయన లైసెన్సు దొరికింది. చెదలు తినగా మిగిలింది ఆయన పేరు, ‘గన్ పౌడర్’ అన్న మాట, సగం సీలు. తేదీ పోయింది.

1878 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మందుగుండు తయారు చేసినా, అమ్మినా నేరమే. గంధకం, సురేకారం, సీసం మాత్రం ఆ చట్టంలో మందుగుండు లెక్కలోకి రావు. తర్వాత 1884లో పేలుడు పదార్థాల చట్టం వచ్చింది. మా లైసెన్సు ఈ రెంటిలో దేని కింద ఇచ్చారో ఎలా గుర్తుపట్టాలి?

నాకు ముఖ్యంగా కావాల్సింది 1922 సంగతి. ఆ ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల నుంచి తుపాకులు, తూటాలు పట్టుకెళ్లింది కదా. ఆ తర్వాత ఏజెన్సీ చుట్టుపక్కల దుకాణాల స్టాకు మీద ఆంక్షలు పెట్టారా? లైసెన్సులు రద్దు చేశారా? మా ఇంట్లో కొందరు సర్కారే రద్దు చేసిందంటారు, కొందరు ఆయనే మానుకున్నారంటారు. అసలు ఏం జరిగిందో తెలుసుకోవాలని చాలా కోరికగా ఉంది.

చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో పాత విశాఖ జిల్లా ఫైళ్లు చూసినవాళ్లు ఉంటే, అక్కడ ఏ శాఖ పేరు చెప్పి అడగాలో దయచేసి చెప్పండి.