విదేశంలో జీవ జపమాలను పరిచయం చేయడం ఎలా?

ప్రశ్న (రాజోలు ప్రాంతం నుంచి):
ప్రభువు నామమున వందనములు. మా విచారణలో (మా చర్చి పరిధిలో) యువత నడుపుతున్న జీవ జపమాల బృందంలో, అంటే ఒకే జపమాల ప్రార్థనను పలువురు పంచుకుని చెప్పే బృందంలో, నేను స్వచ్ఛంద సేవకుడిని. ఉద్యోగరీత్యా కొన్ని నెలలు దోహాలో ఉండవలసి వచ్చింది. కోనసీమ నుంచి వెళ్లి అక్కడ పనిచేసుకుంటున్న మనవారితోపాటు ఇతర భాషల కతోలికులకు కూడా ఈ ప్రార్థనను పరిచయం చేయాలని నా కోరిక. పరిచయం లేనివారిని ఎలా అడగాలి? వేర్వేరు భాషలవారు ఒకే బృందంలో ఉండవచ్చునా? పెద్దలు దయచేసి చెప్పగలరు.

జవాబు (పాలకొల్లు నుంచి):
బాబూ, 1826లో ఫ్రాన్సులోని లియోన్ నగరంలో పౌలీన్ జారికో ఈ ప్రార్థనను ప్రారంభించినప్పుడు, జపమాలలో ధ్యానించే క్రీస్తు, మరియమాతల జీవిత ఘట్టాలైన పదిహేను దేవరహస్యాలను పదిహేనుమందికి పంచి, ఒక్కొక్కరు రోజుకు ఒక్క రహస్యాన్నే ధ్యానిస్తే అందరిదీ కలిసి సంపూర్ణ జపమాల అయ్యేటట్లు ఏర్పాటు చేశారు. రహస్యాలు నెలనెలా చేతులు మారేవి. 2002లో రెండవ జాన్ పాల్ పోపుగారు ఐదు వెలుగు రహస్యాలను చేర్చారు కనుక ఇప్పుడు ఇరవైమంది కావాలి. 2022 మే 22న ధన్యురాలిగా (పునీత హోదాకు ముందు మెట్టు) ప్రకటితులైన పౌలీన్ మఠకన్య కాదు, నీవంటి సామాన్య విశ్వాసి. కాబట్టి ఎవరినీ జపమాలంతా చెప్పమని అడగవద్దు. ఒక్క రహస్యం తీసుకుంటారా అని అడుగు. అంతకన్నా ముందు అక్కడి విచారణ గురువుల అనుమతి తీసుకోవాలి.

జవాబు (కువైట్ నుంచి):
తమ్ముడూ, నాది కూడా రాజోలు వైపే. ఇళ్లలో పనిచేసే మన ఆడవారిని మరచిపోవద్దు. శుక్రవారం పూజకు రాగలిగినవారికే చెబితే, బయటికి అడుగుపెట్టే వీలులేనివారు మిగిలిపోతారు. పిల్లలను పడుకోబెట్టి, వంటగది సర్దుకున్న తరువాత ఒక రహస్యానికి చెప్పవలసిన ఒక పరలోక జపం, పది మంగళవార్త జపాలు, ఒక త్రిత్వ స్తోత్రం చెప్పుకోవడానికి కొద్ది నిమిషాలు చాలు. తన వంతు కోసం మిగతావారు ఆధారపడి ఉన్నారని తెలిసిన మనిషికి ఒంటరితనం తగ్గడం నేను కళ్లారా చూశాను. జాగ్రత్త ఒకటి ఉంది: ఖతార్‌లో ముస్లింలకు మతప్రచారం చేయడం నేరం. ఆరాధనకు కేటాయించిన ప్రాంగణంలో, 2008లో ప్రతిష్ఠించిన జపమాల మాత దేవాలయం ఉంది. కతోలికులతో అక్కడే మాట్లాడు, పనిచోట కరపత్రాలు పంచవద్దు.

జవాబు (భీమవరం నుంచి):
భాష అడ్డంకి కాదు. మలయాళీ సోదరుడు తన రహస్యాన్ని తన భాషలో, ఫిలిప్పీన్స్ సోదరి తన భాషలో ధ్యానించుకుంటారు. ఎవరికి ఏ రహస్యం వచ్చిందో నెల మొదట్లో అందరికీ అర్థమయ్యేలా తెలిపేవారు ఒకరుంటే సరిపోతుంది. ఆ బాధ్యతను నీవు మోయక, అక్కడే స్థిరంగా ఉండేవారికి మొదటి నెలలోనే అప్పగించు; లేకపోతే నీవు తిరిగి వచ్చిన నాడే బృందం ఆగిపోతుంది. ఇరవైమంది దొరికే వరకు వేచి ఉండాలని మాత్రం నేను అనుకోను. ఐదుగురు దొరికితే ఐదు సంతోష రహస్యాలతో మొదలుపెట్టవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఐదుగురితోనే మొదలుపెడతాను. మనకూ దోహాకూ రెండున్నర గంటలే తేడా కనుక, తక్కిన పదిహేను రహస్యాలను అక్కడివారు దొరికేవరకు మా విచారణ యువత తీసుకుంటామన్నారు. అక్కయ్యగారూ, పూజకు రాలేని మన ఆడవారికి ఈ సంగతి ఎవరి ద్వారా చేరవేయవచ్చో దయచేసి తెలుపగలరా?

జవాబు (కువైట్ నుంచి):
పూజకు వచ్చే ఆడవారినే అడుగు తమ్ముడూ. రాలేనివారి ఫోన్ నంబర్లు వారి దగ్గర ఉంటాయి.